నా పేరు మీద ప్రయాణాలు

"మమ్మీ, నీ గడిలో ఏం రాయను?" అని అక్సా అడిగినప్పుడు నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. డిసెంబరు ఆఖరి ఆదివారం. చర్చి నుంచి వచ్చాక చీర మార్చుకునే టైము కూడా లేక, కొంగు బొడ్లో దోపుకుని అలాగే పొయ్యి దగ్గరికి వచ్చేశాను. మా ఆడపడుచు క్యారల్ యాప్రాల్ నుంచి వస్తే మా ఇంట్లో బిర్యానీ వండాలి. అది ఎవరూ రాయని చట్టం. మా అమ్మాయి అక్సా ఇంటర్ చదువుతోంది. ఫోన్లో ఎవరో పెట్టింది చూసి, హాల్లో నేల మీద చార్టు పరిచి, స్కెచ్ పెన్నులన్నీ ముందేసుకుని కూర్చుంది. పైన పెద్ద అక్షరాలతో "వచ్చే ఏడాది మా ట్రావెల్ గోల్స్" అని రాసింది. కింద ఐదు గడులు. డాడీ, క్యారల్ అత్త, అక్సా, నానమ్మ, మమ్మీ. మొదటి మూడూ ఎప్పుడో నిండిపోయాయి. జనవరి ఆఖర్లో కన్యాకుమారి, ఎండాకాలం డార్జిలింగ్, దసరాకి జైపూర్.

మా అత్తగారు రోసమ్మ హాల్లోనే మంచం మీద ఉంటుంది. తుంటి విరిగి ఆరేళ్లయింది. కాళ్లు నడవకపోయినా నోరు బాగానే నడుస్తుంది. "నాకు గడెందుకే అక్సా? నాకు మిగిలింది ఒకే ఒక్క ఊరు. ఆయన పిలిస్తే పోవడమే, రాసుకోవాలా ఏంటి?" అంది. అందరూ నవ్వారు.

"మరి మమ్మీది?" అంది అక్సా మళ్లీ.

"మీ అమ్మకి వేరే గోలేముంటుంది?" అన్నాడు మా ఆయన జీవరాజు పేపరు మడుస్తూ. "మనం క్షేమంగా వెళ్లి క్షేమంగా రావడమే ఆమె గోల్. అదే రాయి."

అక్సా అదే రాసింది. ఆకుపచ్చ పెన్నుతో రాసి పక్కన గుండె బొమ్మ కూడా వేసింది. వంటింటి గుమ్మంలోంచి చూసి నేనూ నవ్వాను. అదీ నా సిగ్గు. ఉల్లిపాయల వల్ల కళ్లు ఎలాగూ మండుతున్నాయి కాబట్టి ఎవరికీ ఏమీ చెప్పుకోవలసిన పని పడలేదు.

భోజనాలయ్యాక ఫ్యామిలీ ప్రేయర్. మా ఆయన స్కూలు ఆఫీసులో సూపరింటెండెంటు, చర్చి కమిటీలో సెక్రటరీ. నోట్లోంచి మాట ఎప్పుడూ ఫైలు కాగితంలా నలగకుండా వస్తుంది. చార్టు చేతిలో పట్టుకుని ఒక్కొక్క ఊరూ పేరు పేరునా చదివి, ఒక్కొక్కరి కోసం ప్రార్థన చేశాడు. నా వంతు వచ్చేసరికి, ఇంటిని కనిపెట్టుకుని ఉండే నీ దాసురాలికి ఓపిక దయచేయి ప్రభువా అన్నాడు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లుగా నా కోసం ఆయన అడిగేది ఆ ఒక్కటే. క్యారల్‌కి ఆరోగ్యం అడుగుతాడు, అక్సాకి ర్యాంకు అడుగుతాడు, నాకు ఓపిక. దేవుడు కూడా ఇక చాల్లే అని ఎప్పుడైనా అనుకుంటాడేమో అని నాకు అనుమానం.

ఇంతకీ ఆ ఊళ్లన్నీ నా పాసు మీదే. రైల్వేలో గుమాస్తాని నేను. ఏడాదికి మూడు సెట్ల పాసులు నాకొస్తాయి. నేను, నా భర్త, నా బిడ్డ టికెట్టు లేకుండా దేశంలో ఏ మూలకైనా పోవచ్చు. ఆ ఉద్యోగం కూడా ఊరికే రాలేదు. మా నాన్న రైల్వేలో కీమాన్. భుజాన సుత్తి వేసుకుని, వదులైన పట్టాలు బిగించుకుంటూ రోజూ ఏడెనిమిది కిలోమీటర్లు నడిచేవాడు. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, ఒక మంచు పొద్దున, వెనకనుంచి వచ్చిన ఇంజను ఆయనకి వినిపించలేదు. ఆయన ప్రాణానికి బదులుగా నాకీ ఉద్యోగం ఇచ్చారు. పెళ్లిచూపుల్లో మా మామగారు అడిగిన మొదటి ప్రశ్న నాకింకా గుర్తు. "పాసు ఫస్టు క్లాసా, సెకండు క్లాసా?" అన్నాడు.

పాసులు ఇప్పుడు కాగితం మీద రావు, కంప్యూటర్లో పెట్టుకోవాలి. నా లాగిన్ మా ఆయన దగ్గరుంటుంది. "నీకివన్నీ అర్థం కావులే" అన్నాడు మొదట్లోనే. మూడొందల మంది సెలవులు కంప్యూటర్లో ఎక్కించేది ఆఫీసులో నేనే. అది ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ మాటకి తలాడించాను. హాల్లోంచి "ఎమిలీ, ఓటీపీ చెప్పు" అని కేక వస్తుంది. తడి చెయ్యి నైటీకి తుడుచుకుని వంటింట్లోంచి ఆరంకెలూ చదువుతాను. ఆ తరవాత నా పని వండి కట్టివ్వడం. పులిహోర, చపాతీలు, క్యారల్‌కి ఎండు రొయ్యల పొడి, అక్సాకి కారం లేని బంగాళాదుంప. స్టేషన్‌కి వెళ్లి వాళ్లని బండెక్కించగానే అత్తయ్య దగ్గరికి వస్తాను. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. డైపర్ మార్చాలి, ఒళ్లు తుడవాలి, పౌడరు వేయాలి, మెత్తగా కలిపిన అన్నం గిన్నెలో వేసుకుని, ఆవిడ మూతి తిప్పుకుంటుంటే బతిమాలుతూ పెట్టాలి. ఉన్న సెలవులు అయిపోతాయని పగలు ఆఫీసుకీ వెళ్లాలి, మధ్యాహ్నం పక్కింటి ఝాన్సీలక్ష్మిగారు తొంగి చూస్తారు. నాలుగు రోజుల తరవాత వాళ్లు తిరిగొస్తారు. ముందు మాసిన బట్టల మూట దిగుతుంది, తరవాత ఫోటోలు. "నీకు చూపించాలనే తీశాం" అంటాడు మా ఆయన. "వదినకి ఇల్లు వదిలితే తోచదు, అదృష్టవంతురాలు" అంటుంది క్యారల్. అంటే ఎక్కడికీ పోకపోవడం నా అదృష్టం అన్నమాట.

క్యారల్ తన టికెట్టు తను కొనుక్కుంటుందని నేను అనుకునేదాన్ని. ఆడపడుచుకి నా పాసు మీద హక్కు లేదు. అది రూలు, ఇందులో దాపరికం ఏమీ లేదు.

కొత్త సంవత్సరం మొదటి వారంలో ఆఫీసులో అన్నం తింటూ, ఆ చార్టు సంగతి నవ్వులాటగా చెప్పాను మా సుమిత్రక్కతో. ఆమెది బన్సీలాల్‌పేట్, నా పక్క సీటు. ఆమె నవ్వలేదు. డబ్బా మూత పెట్టేసింది.

"నీ పాసు మీద వాళ్లు తిరుగుడేంది, నువ్వు ఇంట్ల కూసునుడేంది పిల్లా? సరే, గదంత ఇడిసిపెట్టు. నీకు ఏడికి పోవాల్నని ఉన్నది? ఒక్క ఊరి పేరు చెప్పు జెర."

నలభై మూడేళ్ల మనిషిని, ఇంగ్లీషులో డ్రాఫ్టు రాయగలను, సర్వీసు రూల్సు నోటికొచ్చు. ఒక్క ఊరి పేరు నోటికి రాలేదు. ఎంత వెతికినా నాకు తట్టింది ఒక్కటే. ఎవరూ నన్ను పిలవని చోట రెండు పూటలు పడుకుని నిద్రపోవాలి. అది ఊరు కాదు. అది చూసి నాకే భయం వేసింది. కోరిక కూడా వాడకపోతే తుప్పు పడుతుందేమో. సుమిత్రక్క ఊరుకోలేదు, మొండి మనిషి, "చెప్పు, చెప్పు" అని కూర్చుంది. చివరికి ఎక్కడినుంచో మా నాన్న గొంతు వినిపించింది. మన పట్టా ఇట్టా పోయి పోయి సముద్రం దగ్గర ఆగిపోద్దంటమ్మా, పట్టా కింద ఏసే కర్ర ఇంకొక్కటి కూడా ఉండదంట, అనేవాడు. ఆయన ఎన్నడూ చూడలేదు.

"కన్యాకుమారి" అన్నాను.

"గట్ల చెప్పు మరి. మంచిగున్నది. పాసులు ఎన్ని మిగిలినయో చూడు, ఒకటి నీకు తీసి పెట్టుకో."

పాస్‌వర్డ్ నాకు తెలీదు. మార్చుకుంటానని నొక్కితే ఓటీపీ నా ఫోనుకే వచ్చింది. మొదటిసారి దాన్ని ఎవరికీ చదివి వినిపించకుండా నేనే కొట్టాను. లోపల ఆరేళ్ల పాసుల లెక్క ఉంది. పూరీ, మైసూరు, ఊటీ, గోవా, మళ్లీ మైసూరు. ఒక్కొక్క దాని కింద ప్రయాణం చేసిన వాళ్ల పేర్లు. జీవరాజు, భర్త. అక్సా, కూతురు. ఎమిలీ, సెల్ఫ్.

మొదట సిస్టమ్‌లో తప్పేమో అనుకున్నాను. తరవాత తేదీలు చూశాను. అక్టోబరు పన్నెండున ఎమిలీ పూరీలో ఉంది. ఆ రోజు నాకు బాగా గుర్తు. అత్తయ్య వీపు మీద పుండు పగిలి జ్వరం వచ్చింది, డాక్టరు ఫోన్లో చెబుతుంటే నేను దూదితో చీము తుడుస్తున్నాను. అదే రోజు సముద్రంలో మోకాళ్ల దాకా దిగి, చీర కొంచెం పైకి పట్టుకుని నవ్వుతున్న క్యారల్ ఫోటో మా ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఇప్పటికీ ఉంది. సెలవులప్పుడల్లా నా ఐడీ కార్డు ఎందుకు కనపడదో అప్పుడర్థమైంది. "జిరాక్సుకి తీసుకెళ్లాను" అనేవాడు. నాకు ఏడుపు రాలేదు. మైసూరు రెండుసార్లు వెళ్లానే, ఒక్కసారైనా నాకు తెలియలేదే అనుకున్నాను. అంతే.

సుమిత్రక్క నా భుజం మీదుగా చూసి గొంతు తగ్గించింది. "ఇది ఎవలన్న పట్టుకుంటే పాసులు బందు వెడ్తరు. చార్జిషీటిస్తరు. కొలువుకే మోసమైతది. మీ ఆడిబిడ్డకు ఏం గాదు. తక్లీఫంత నీకే."

మా నాన్న ప్రాణం పోయి వచ్చిన ఉద్యోగం అది. ఆ సాయంత్రం మల్కాజ్‌గిరిలో మా ఇంటికి లోకల్ రైల్లో నిలబడి వస్తూ, ఎలా అడగాలో మాటలు కూర్చుకున్నాను.

ఇంటికి వచ్చాక అక్సా ట్యూషన్‌కి వెళ్లేదాకా ఆగి అడిగాను. "క్యారల్‌ని నా పేరు మీద తీసుకెళ్తున్నారా?"

ఆయన తడబడలేదు. అదే నన్ను ఎక్కువ దెబ్బ తీసింది. "పేరే కదా ఎమిలీ. వాడితే అరిగిపోతుందా?" అన్నాడు.

"ఎవరైనా కార్డు చూస్తే?"

"ఎవరు చూస్తారు? పదేళ్ల కిందటి ఫోటో. జడేసుకుని చీర కట్టుకున్న ఆడమనిషి. టీసీకి మీరందరూ ఒకేలా ఉంటారు. అయినా నువ్వెలాగూ రావు. బెర్తు ఖాళీగా పోతే ఎవరికి లాభం?"

"నేను రానని ఎప్పుడన్నాను?"

"మరి అమ్మని ఎవరు చూస్తారు?" అన్నాడు. ఇక దాని మీద మాట లేదన్నట్టు అన్నాడు. ఆ అమ్మకి క్యారల్ కూడా కూతురే కదా అని నా నాలుక చివరిదాకా వచ్చింది. అనేలోపు ఆయన లేచాడు. "ఇంటి సంగతి ఇంట్లోనే ఉండనియ్. కమిటీలో నా పేరుంది, పరువుంది. అనవసరంగా పెద్దది చేయకు." ఆయన పేరు పేరు, నా పేరు మాత్రం బెర్తు.

ఆ రాత్రి అత్తయ్య ఒళ్లు తుడుస్తుంటే, కళ్లు మూసుకునే అంది ఆవిడ. "విన్నాలే. నాకు ముందే తెలుసు."

"తెలిసీ చెప్పలేదా అత్తయ్యా?"

"నేను మాత్రం ఎక్కడికి పోయాను? మీ మామగారు నన్ను బందరు దాటించలేదు. నా కడుపున పుట్టిందైనా నాలుగూళ్లు చూస్తుందిలే అనుకున్నా. నీ పేరైతేనేం." వెంటనే, "ఎడంపక్క ఇంకొంచెం గట్టిగా రుద్దు, దురదగా ఉంది" అంది. రుద్దాను. ఆరేళ్లు ఆ ఒంటిని నా ఒంటిలా చూసుకున్నాను.

పదిహేను రోజులు ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. నేను మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే మా ఇంట్లో. తరవాత ఒక రోజు పొద్దున్నే, దోసె పెనం మీదుండగా, హాల్లోంచి "ఎమిలీ, ఓటీపీ చెప్పు" అని వచ్చింది. కొత్త పాస్‌వర్డ్ అంతకు ముందే అడిగి తీసుకున్నాడు. ఇచ్చాను. ఇవ్వకుండా ఎందుకుండలేదో ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. "ఎవరి పేర్లు పెడుతున్నారు?" అని మాత్రం అడిగాను. "అన్నీ సరిగ్గానే ఉన్నాయి, నువ్వు అంకెలు చదువు" అన్నాడు. చదివాను. దోసె మాడింది. ఆఫీసుకి వెళ్లి చూసుకుంటే కన్యాకుమారికి మూడు పేర్లు. జీవరాజు. అక్సా. ఎమిలీ, సెల్ఫ్.

రద్దు చేయొచ్చు, ఒక్క మీట నొక్కితే చాలు. చేస్తే ఏమవుతుంది? వారం రోజులు ఇంట్లో మొహాలు మాడతాయి, అక్సా అన్నం తినదు, ఎండాకాలానికి మళ్లీ డార్జిలింగ్, మళ్లీ ఓటీపీ. నా పేరుకి నేనే ఎన్నాళ్లు కాపలా కాయను? సొరుగులోంచి సెలవు కాగితం తీశాను. ఇరవై నాలుగేళ్లుగా ఇతరుల సెలవులు రాసిన చేత్తో నాది రాసుకున్నాను. కారణం దగ్గర నా పాత కాగితాలన్నింట్లో ఉండేవి రెండే. అత్తగారి అనారోగ్యం, పాప పరీక్షలు. ఈసారి "ఊరికి వెళ్తున్నాను" అని రాశాను. ఆఫీసరు సంతకం పెడుతూ "ఏమ్మా, పెళ్లా?" అన్నాడు. "కాదు సార్" అన్నాను. సుమిత్రక్క ఆ రోజు నా పని సగం తను లాక్కుని చేసింది, ఒక్క మాట అడగలేదు.

ప్రయాణం రోజు పొద్దున మామూలుగానే వండాను. పులిహోర, చపాతీలు, రొయ్యల పొడి. అత్తయ్యకి స్నానం, డైపర్, జావ అయ్యాయి. మందుల డబ్బా మంచం పక్కన స్టూలు మీద పెట్టాను. ఝాన్సీలక్ష్మిగారిని రెండింటిదాకా కూర్చోమని బతిమాలాను. అన్నం సంచి అడుగున రెండు చీరలు, తువ్వాలు, బ్రష్షు పెట్టుకున్నాను. మా ఇంట్లో సంచులు మోసేది నేనే కాబట్టి దాని బరువు ఎవరికీ తెలియలేదు.

సికింద్రాబాద్‌లో మద్రాసు బండి ప్లాట్‌ఫారం మీదే ఉంది. మద్రాసులో మారి కన్యాకుమారికి పోవాలి. క్యారల్ యాప్రాల్ నుంచి నేరుగా వచ్చింది, కొత్త చుడీదార్, నల్ల కళ్లద్దాలు. ఎప్పట్లాగే నేను పెట్టెలు సీటు కింద తోసి, అన్నం సంచి కొక్కేనికి తగిలించాను. ఎప్పుడూ అక్కడితో దిగిపోయేదాన్ని. ఈసారి కిటికీ పక్కన కూర్చున్నాను.

"వదినా, లే, టైమవుతోంది" అంది క్యారల్.

నేను లేవలేదు. మా ఆయన వాచీ చూసుకున్నాడు. "ఇంకా పది నిమిషాలే ఉంది. దిగు ఎమిలీ, మళ్లీ జనంలో ఇరుక్కుంటావ్." నవ్వుతూనే అన్నాడు. నేను కదలకపోయేసరికి నవ్వు పోయింది. వంగి నా చెవి దగ్గర, "ఏంటిది? అందరూ చూస్తున్నారు" అన్నాడు. అక్సా నా వైపు చూసి, ఏదో అర్థమైనట్టు మొహం తిప్పేసుకుంది. అది గుచ్చుకుంది. సీటు అంచు గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడే టీసీ వచ్చాడు. చేతిలో మెషీన్ చూసుకుంటూ, "పాసా? ఎమిలీ ఎవరండీ?" అన్నాడు.

క్యారల్ నోరు తెరిచింది. "నేను" అన్నాను. "కార్డు" అన్నాడు. క్యారల్ వైపు చెయ్యి చాపాను. "నా కార్డివ్వు క్యారల్." ఆమె మా ఆయన మొహం చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. క్యారల్ హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తీసి కార్డు నా చేతిలో పెట్టింది. టీసీ ఫోటో చూశాడు, నన్ను చూశాడు, క్యారల్ బ్యాగుని చూశాడు.

"మరి ఈవిడ?"

నేను నిజం చెబితే నా ఉద్యోగం పోతుంది. చెప్పకుండా లేచి దిగిపోతే, నేను మళ్లీ ఎప్పటికీ ఎక్కను. మా ఆయన ఇప్పుడు నా వైపు తిరిగాడు. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి ఆయన నా నోటి వైపు చూస్తూ కూర్చున్నాడు.

"మా ఆడపడుచు" అన్నాను. "మమ్మల్ని ఎక్కించడానికి వచ్చింది."

"అయితే దిగాలమ్మా, బండి కదులుతుంది" అని టీసీ పక్క సీట్ల వైపు వెళ్లిపోయాడు. క్యారల్ మా ఆయన వైపు తిరిగింది. అన్న ఏదో ఒకటి అంటాడని చూసింది. కమిటీ సెక్రటరీగారు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు. ఆమె దిగి, పెట్టె లాక్కుని, చుట్టూ తిరిగి నా కిటికీ దగ్గరికి వచ్చింది. కళ్లద్దాలు తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. బండి కుదుపు ఇచ్చింది.

"ఇంటి దగ్గర అమ్మ సంగతేంటి వదినా?"

"రెండింటికి ఝాన్సీలక్ష్మిగారు వెళ్లిపోతారు. ఆలోపు వెళ్లు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి."

బండి కదిలింది. ఆమె పక్కనే నడుస్తోంది. "ఏ మాత్ర ఎప్పుడెయ్యాలో, ఒళ్లెలా తుడవాలో నాకేం తెలుసు? నాకెవరు చెప్పారు?"

"నాకూ ఎవరూ చెప్పలేదు క్యారల్" అన్నాను. "నేర్చుకున్నాను."